ఆవిరి ఆగేదాకా

మా అక్క వాఫుల్స్ బాగా చేస్తుందని చెబితే ఎవరూ చెవిన పెట్టరు. పెట్టెకి ప్లగ్గు పెట్టి, పిండి పోసి, మూత వేస్తే అయ్యేదానికి బాగా చేయడమేమిటి, బాగోకుండా చేయడమేమిటి అంటారు. నేనూ ఆ మాట అన్నవాణ్ణే. అమెరికా వెళ్ళినప్పుడు హోటళ్ళలో పొద్దున్నే ఉచితంగా పెట్టే ఫలహారాల బల్ల దగ్గర అందరిలాగే కప్పులో పిండి పట్టుకుని, గుండ్రటి పెట్టెలో పోసి, పిడి పట్టి తిరగేసి, అది కూత పెట్టేదాకా నిలబడ్డవాణ్ణే. మేపుల్ సిరప్ పోసుకోగానే తడిసిన దిండులా అయిపోయే ఆ పదార్థానికి ఇంత పేరెందుకో అర్థమయ్యేది కాదు. పిట్స్‌బర్గ్‌లో అక్క వంటింట్లో ఒక శనివారం పొద్దున గంటన్నర సేపు గోడకి ఆనుకుని చూశాక తెలిసింది, అప్పటిదాకా నేను తిన్నది వాఫుల్ ఆకారాన్ని మాత్రమేనని.

ముందు పనిముట్టు సంగతి. కరెంటు పెట్టె అక్క దగ్గరా ఒకటుంది, అల్మరా పై అరలో. ఆమె వాడేది మాత్రం పోత ఇనుముది, స్టవ్ మీద పెట్టేది. పెన్సిల్వేనియాలోనే, పిట్స్‌బర్గ్‌కి ఉత్తరాన సరస్సు ఒడ్డున ఈరీ అనే ఊరుంది. అక్కడ గ్రిస్వోల్డ్ అనే కంపెనీ ఒకప్పుడు ఇనప మూకుళ్ళు, పెనాలు పోత పోసేది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, ఆ సామాను మాత్రం ఇంకా పొయ్యిల మీద ఉంది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లన్నీ ముంగిట్లో పెట్టి అమ్ముతుంటే, బావగారు పాత పుస్తకాల కోసం వెళ్ళారు. వెంట వెళ్ళిన అక్క ఆ కంపెనీ పోత పోసిన ఈ వాఫుల్ అచ్చుని మోసుకొచ్చింది. అప్పటికి తుప్పు పట్టి, రెండు పలకలూ ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయట.

దాని కట్టుబడి చూడాలి. స్టవ్ మీద కూర్చోవడానికి కింద ఒక ఇనప కడియం. దాని మీద రెండు గుండ్రటి పలకలు, పుస్తకానికి రెండు అట్టల్లాగా. లోపలి వైపు గళ్ళు. వెనక కీలు ఉన్న చోట ఒక ఇనప గుండు. కడియానికి ఆ గుండు సరిగ్గా ఇమిడే గుంట. ముందువైపు పిడులు, చేయి కాలకుండా వాటికి తీగ చుట్టలు. పలకలు మూసి, పిడి పట్టుకుని మణికట్టు తిప్పితే గుండు గుంటలో దొర్లుతుంది. పై పలక కిందికి, కింద పలక పైకి వచ్చేస్తాయి. మర లేదు, స్ప్రింగు లేదు, అరిగిపోయే ముక్క ఒక్కటీ లేదు. పిండి చుక్క కారదు. ఏ పనివాడు పోత పోశాడో గానీ, ఆ గుండుకీ గుంటకీ మధ్య సందు తిరగడానికి సరిపడా ఉంది, ఊగడానికి లేదు. అక్క పనితనం గురించి రాయబోయి ఈ గుండు దగ్గరే ఇంతసేపు ఆగిపోయాను. పాఠకులు మన్నించాలి, దాన్ని తిప్పి చూస్తే మీరూ ఆగుతారు.

ఈ తిప్పుడు వెనక చాలా కాలపు చేతుల కాలుడు ఉంది. యూరప్‌లో వందల ఏళ్ళపాటు వాఫుల్ అంటే పొడుగాటి పటకారు చివర రెండు ఇనప పలకలు. పిండి పోసి, నొక్కి పట్టుకుని, నిప్పుల మీద ఒక పక్క, మరో పక్క కాల్చడం. ఇనప పొయ్యిలు ఇళ్ళలోకి వచ్చాక ఆ పటకారుకి చోటు లేకపోయింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే పట్టణంవాడు కొర్నీలియస్ స్వార్ట్‌వౌట్, పొయ్యి మీదే ఉంచి తిప్పగలిగే వాఫుల్ అచ్చుకి 1869 ఆగస్టు 24న పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో ఇప్పటికీ ఆ తేదీని వాఫుల్ రోజంటారు. ఒక కీలుకి పండగ చేసుకునే దేశం మీద నాకు కొంచెం గౌరవం పెరిగింది.

తుప్పు పట్టినదాన్ని అక్క దారికి తెచ్చిన తీరు మనకి తెలిసినదే. ఇనప పీచుతో గీకి, కడిగి, తడి లేకుండా స్టవ్ మీద ఆరబెట్టి, పల్చగా నూనె రాసి, మళ్ళీ తుడిచేసి, ఓవెన్‌లో గంట కాల్చి, చల్లారనిచ్చి, మళ్ళీ నూనె. అలా ఆరుసార్లు. మా అమ్మ కొత్త దోసె పెనానికి చేసేది ఇదే పని, ఓవెన్ బదులు కట్టెల పొయ్యి మీద. తేడా ఎక్కడంటే, పెనం ఒక చదును. ఇక్కడ ఒక్కో పలకకీ పదుల కొద్దీ బొడిపెలు, వాటి మధ్య సందులు. ఏ ఒక్క సందులో నూనె పట్టకపోయినా వాఫుల్ అక్కడే పట్టుకుని చిరుగుతుంది. అక్క పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో ఒక్కో సందులోకీ నూనె పట్టించింది. మొత్తం ఒక ఆదివారం పట్టిందట. దోసె పెనాన్ని సగం కోసిన ఉల్లిపాయతో రుద్దుతాం కదా, దీన్నీ అలా రుద్దావా అని అడిగితే, "ఉల్లి వాసనొచ్చే వాఫుల్ మీద నువ్వు తేనె పోసుకుంటావేమిట్రా" అంది.

నూనె రాయడం మరిచిపోతే ఏమవుతుందో ప్రపంచానికంతా తెలిసిన కథ ఒకటుంది. ఓరిగన్ విశ్వవిద్యాలయంలో పరుగుల కోచ్, నైకీ కంపెనీ స్థాపకుల్లో ఒకడు, బిల్ బవర్‌మన్. 1970ల మొదట్లో, తన కుర్రాళ్ళ బూట్లకి తేలికగా ఉంటూ నేలని పట్టుకునే అడుగు కావాలని ఆలోచిస్తూ, ఒక ఆదివారం ఇంట్లో భార్య బార్బరా వాఫుల్స్ చేస్తుంటే ఆ గళ్ళు చూశాడు. ఆ గళ్ళని తిరగేస్తే బూటుకి సరిపోతాయనుకుని, అచ్చులో ద్రవ రూపంలో ఉన్న యూరిథేన్ పోసి మూసేశాడు. అంటుకోకుండా ముందు ఏదైనా రాయాలన్నది తట్టలేదు. అచ్చు మళ్ళీ తెరుచుకోలేదు. తర్వాత వేరే అచ్చులతో ప్రయత్నించి సాధించాడు, ఆ అడుగుతో వచ్చిన బూట్లే కంపెనీని నిలబెట్టాయి. ఆయన ఘనత ఆయనదే. వంటింటి వైపు నుంచి చూస్తే మాత్రం, పలకకి నూనె రాయని మగవాడు ఆడమనిషి అచ్చు పాడుచేసిన కథ ఇది.

ఇంతకీ ఆ గళ్ళు దేనికి? అందం కోసమని చాలామంది అనుకుంటారు. సిరప్ నిలవడానికని ఇంకొంతమంది. రెండూ తర్వాత కలిసొచ్చిన లాభాలు. అసలు కారణం మన వంటింట్లోంచి చూస్తే సులువుగా తెలుస్తుంది. దోసె పల్చన, కాబట్టి కరకరలాడుతుంది. దిబ్బరొట్టె మందం, కాబట్టి పైన ఎర్రగా పెచ్చు కట్టినా లోపల మెత్తగా, బరువుగా ఉంటుంది. దిబ్బరొట్టె మందంలో దోసె కరకర కావాలంటే ఏం చేయాలి? వేడి ఇనుమునే పిండి లోపలికి పంపాలి. గళ్ళ పలక చేసేది అదే. ప్రతి బొడిపె పిండిలోకి దిగి, మందాన్ని పల్చటి గోడలుగా చీలుస్తుంది. ప్రతి గోడకీ రెండు పక్కలా ఇనుము. పిండి అంతే, ఎర్రబడే చోటు ఎన్నో రెట్లు. తేనెపట్టు గదుల్లా కనబడే ఈ గోడల వల్లే దానికా పేరు. వాఫుల్ అన్న మాటకీ, ఫ్రెంచి వాళ్ళ గోఫ్ర్ అన్న మాటకీ మూలం పాత ఫ్రాంకిష్ భాషలో తేనెపట్టుకున్న పేరే.

పిండి శుక్రవారం రాత్రే కలిపింది అక్క. ఆమె లెక్క ఇది: మైదా 200 గ్రాములు, బియ్యప్పిండి 50 గ్రాములు, గోరువెచ్చని పాలు 350 మిల్లీలీటర్లు, కరిగించిన వెన్న 100 గ్రాములు, చక్కెర పెద్ద చెంచాడు, ఉప్పు అర చెంచా, పొడి ఈస్ట్ ఒక చిన్న చెంచా. గుడ్లు రెండు, కానీ అవి పొద్దున. అక్కడి పుస్తకాల్లో బియ్యప్పిండి ఉండదు, కార్న్‌ఫ్లోర్ ఉంటుంది. జంతికల్లోనూ పకోడీల్లోనూ బియ్యప్పిండి ఎందుకు పడుతుందో అదే పని ఇక్కడా చేస్తుందని అక్క ధైర్యం చేసింది. మైదాకి సాగే గుణముంది, తడి తగిలి కలియబెట్టిన కొద్దీ అది తీగలు కడుతుంది. రొట్టెకి అది కావాలి, వాఫుల్‌కి అదే శత్రువు. తీగలు కట్టిన వాఫుల్ కొరికితే విరగదు, సాగుతుంది. బియ్యప్పిండికి ఆ గుణం లేదు, మైదా తీగల మధ్య చొరబడి వాటిని అడ్డుకుంటుంది.

అందుకే అక్క పిండిని పట్టుమని పాతిక తిప్పులు కూడా తిప్పలేదు. ఉండలు కనిపిస్తూనే ఉన్నాయి. ఉండలు కట్టకుండా కలపడమే వంటకి మొదటి మెట్టని నమ్మే ఇంట్లో పెరిగినవాణ్ణి, నా చేయి ఊరుకోక గరిటె అందుకోబోయాను. "ఉంచరా, పొద్దుటికి వాటంతటవే కరుగుతాయి" అని చేతి మీద చిన్న దెబ్బ వేసింది. కరిగాయి కూడా. రాత్రంతా నానితే పిండి నీళ్ళు పీల్చుకుంటుంది, చేయి చేయలేని పని కాలం చేస్తుంది.

ఆ రాత్రి వంటింట్లో రెండు పిండి గిన్నెలున్నాయి. ఓవెన్‌లో దీపం వేసి, ఆ వెచ్చదనంలో ఆదివారానికి దోసె పిండి. ఇది అమెరికాలో మనవాళ్ళందరి పద్ధతి. బయట గట్టు మీద, చల్లగా, వాఫుల్ పిండి. రెండూ ఒకచోటే పెట్టొచ్చుగా అంటే, ఈస్ట్‌ది తొందర స్వభావమట. వెచ్చదనం దొరికితే నాలుగు గంటల్లో పొంగి, తెల్లారేసరికి చప్పగా కూలిపోతుంది. చల్లగా ఉంచితే నెమ్మదిగా పనిచేసి, పులుపు కాని ఒక కమ్మటి వాసన తెస్తుంది. బేకింగ్ పౌడర్ వేసి పది నిమిషాల్లో చేసుకోవచ్చు, నూటికి తొంభై ఇళ్ళలో చేసేది అదే. పొంగుతుంది, ఎర్రబడుతుంది, కరకరలాడుతుంది కూడా. రుచి మాత్రం పాలు, చక్కెర, అంతే. పులవని పిండితో దోసె పోసుకున్నట్టు.

పొద్దున అసలు పని మొదలైంది. గుడ్లు పగలగొట్టి, పచ్చసొనలు రాత్రి పిండిలో వేసింది. తెల్లసొనలకి వేరే గిన్నె, గాజుది. దాన్ని ముందు నిమ్మచెక్కతో తుడిచింది. రవ్వంత జిడ్డు ఉన్నా, పచ్చసొన చుక్క పడినా తెల్లసొన నురగ కట్టదు. చేత్తోనే గిలకొట్టడం మొదలుపెట్టింది. మొదట పెద్ద బుడగలు, తర్వాత సబ్బు నురగ, తర్వాత మెల్లగా మెరుపు తిరిగి మీగడలా. గిన్నె బోర్లించినా పడకూడదని చాలామంది చెప్తారు. అక్క అంతదాకా పోలేదు. కవ్వం పైకి తీస్తే నురగ కొన లేచి, చివర చిన్నగా వంగింది. అక్కడ ఆపేసింది. ఇంకా గట్టిపడితే పిండిలో కలవదు, దూది ఉండల్లా తేలుతుంది. కలపాలని తిప్పిన కొద్దీ కట్టిన గాలంతా పోతుంది.

కలపడం చూడాల్సిన దృశ్యం. నురగలో మూడోవంతు తీసి పిండిలో వేసి మామూలుగానే కలిపేసింది. అది త్యాగం చేసిన భాగం, పిండిని పలచన చేయడానికి. మిగిలిన దాన్ని రెండు విడతలుగా వేసి, రబ్బరు గరిటెతో మధ్యలో కోసినట్టు అడుగుదాకా దించి, గిన్నె అంచు వెంట పైకి తెచ్చి, పైన పరిచింది. గిన్నె పావు వంతు తిప్పి మళ్ళీ అదే. చేయి వేగంగా కదలడం లేదు, అనవసరంగా ఒక్కసారీ కదలడం లేదు. ఇంకా తెల్లచారలు కనిపిస్తుండగానే గరిటె పక్కన పెట్టేసింది. ఇక్కడ ఆపడం తెలిసినవాళ్ళు తక్కువ. నేనైతే ఆ చారలు పోయేదాకా కలిపి ఉండేవాణ్ణి, కచ్చితంగా.

అచ్చుని అప్పటికే మధ్యస్థమైన మంట మీద ఒక పక్క ఐదు నిమిషాలు, తిప్పి రెండో పక్క ఐదు నిమిషాలు కాచింది. వేడి చూడటానికి మన పద్ధతే, నీళ్ళ చుక్కలు చిలకరించడం. చుక్క అక్కడే కూర్చుని ఇగిరిపోతే చాలదు. ముత్యాల్లా ఉండ కట్టి పరుగెత్తాలి. బ్రష్షుతో గళ్ళన్నిటికీ నెయ్యి రాసింది. వెన్న రాయకూడదట. వెన్నలో పాల అంశం ఉంటుంది, అది ముందే మాడి గళ్ళకి అంటుకుంటుంది. నెయ్యిలో అది లేదు. ఈ విషయంలో వాఫుల్స్‌కి పేరుపడ్డ బెల్జియం వాళ్ళ కన్నా మనకే సౌకర్యం ఎక్కువ.

గరిటెడున్నర పిండి మధ్యలో పోసింది, అంచుకి రెండు వేళ్ళ దూరం వదిలి. మూసింది. మనసులో రెండు అంకెలు లెక్కపెట్టేంతలో పిడి పట్టి తిప్పేసింది. పై పలక గళ్ళలోకి పిండి జారి నిండాలంటే అది ఇంకా జారుడుగా ఉండగానే బోర్లా పడాలి. ఆలస్యమైతే ఒక పక్క నిండుగా, మరో పక్క బోలుగా వస్తుంది.

తర్వాత ఆవిరి. నేనింతవరకూ చెప్పినదంతా దీనికోసమే.

ఒక చెంచాడు నీళ్ళు ఆవిరిగా మారితే దాదాపు 1,600 చెంచాల చోటు కావాలి. పిండిలో పాలున్నాయి, గుడ్లున్నాయి, అంటే సగానికి పైగా నీళ్ళే. వేడి ఇనుము తగలగానే ఆ నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై పిండిని ఉబ్బించి, పలకల సందుల్లోంచి బుస్సుమని బయటికొచ్చాయి. పై పలక కొంచెం లేచింది కూడా, పిడి నొక్కి పట్టాల్సి వచ్చింది. అది మొదటి ఆవిరి, తడి వాసన తప్ప ఏమీ లేదు అందులో. నిమిషానికి అది నిలకడ పడి, చుట్టూ అంచు వెంట సమంగా, పాలు కాగిన వాసనతో రావడం మొదలైంది. చాలామంది మూత తీసేది అప్పుడే. కరెంటు పెట్టెల మీద పచ్చ దీపం వెలిగేదీ ఇంచుమించు అప్పుడే. నేనూ చేయి చాపాను.

"ఒరేయ్, ముట్టుకోకు. ఆవిరి ఆగిందా?"

"తగ్గింది కదక్కా."

"తగ్గడం కాదు, ఆగాలి."

లోపల నీళ్ళున్నంత కాలం పిండి వేడి 100 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. వచ్చిన వేడినంతా ఆవిరే పట్టుకుపోతుంది. పిండి ఎర్రబడి, కమ్మటి వాసన పుట్టాలంటే 140 డిగ్రీలు దాటాలి. అంటే పై పొరలో నీళ్ళు పోయాకే రంగు, రంగొచ్చాకే రుచి, ఆ పొర ఎండాకే కరకర. ఆవిరి వస్తుండగా తెరిస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. ఒకప్పుడు హైదరాబాదులో, మా ఇంట్లో, కొత్తగా కొన్న పెట్టెలో మొదటి వాఫుల్ చేసి ఉత్సాహం ఆపుకోలేక మూడో నిమిషంలో తెరిచాను. పై పలకకి సగం, కింద పలకకి సగం, మధ్యలో పచ్చి పిండి. పుల్లతో గీక్కోవడానికి సాయంత్రమైంది. ఆ పెట్టెని చాలాకాలం తిట్టుకున్నాను. తప్పు దానిది కాదని పిట్స్‌బర్గ్‌లో తెలిసింది.

అక్క గడియారం చూడలేదు. సింక్‌లో గిన్నెలు తోముకుంటూ వీపు ఇటు పెట్టి ఉంది. మధ్యలో రెండుసార్లు అచ్చు తిప్పింది, అదీ అలవాటుగా. బుసబుస సన్నబడి, చిటపటగా మారి, చివరికి వినబడకుండా పోయింది. పాల వాసన పోయి, వేయించిన జీడిపప్పు లాంటి వాసన వచ్చింది. అక్క చేతులు తుడుచుకుని తిరిగింది. పై పలక ఎత్తితే వాఫుల్ దానంతటదే విడివడి కింద పలక మీద కూర్చుని ఉంది. దానికి అట్లకాడ కూడా అక్కర్లేకపోయింది, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని తీసింది. బంగారు రంగు దాటి, ముదురు తేనె రంగు. తూకం వేసినట్టు అన్ని గళ్ళూ ఒకే రంగు. చేతిలో పెట్టింది, ఖాళీ అగ్గిపెట్టంత తేలిక.

పని అక్కడితో అయిపోలేదు. పళ్ళెంలో పెడితే ఐదు నిమిషాల్లో అడుగు మెత్తబడుతుంది, లోపల మిగిలిన ఆవిరి కిందికి దిగి చల్లటి పళ్ళేనికి తగిలి నీరవుతుంది. ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఇంకా ఘోరం. హోటల్లో నేను తిన్న దిండ్లకి సగం కారణం ఇదే. అక్క తీగల జల్లిమీద విడివిడిగా ఆరబెట్టింది. నలుగురం ఒకేసారి తినాలంటే ఆ జల్లితో సహా 90 డిగ్రీల ఓవెన్‌లో ఉంచితే అరగంట వరకూ కరకర పోదు. జల్లి లేనివాళ్ళు పిండి జల్లెడ బోర్లించి దానిమీద పెట్టుకోవచ్చు.

ఇంత తేలికైన, పులిసిన పిండి వాఫుల్ బ్రస్సెల్స్ వాళ్ళది. అక్కడ దాన్ని దీర్ఘచతురస్రంగా, లోతైన గళ్ళతో చేస్తారు, పైన చక్కెర పొడి చల్లుతారు. అమెరికాలో దీన్ని అందరి నోటికీ అందించింది 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన. బ్రస్సెల్స్ నుంచి వచ్చిన మోరీస్ వెర్మెర్ష్ కుటుంబం అక్కడ స్ట్రాబెర్రీలు, గిలకొట్టిన మీగడతో వీటిని అమ్మింది. బ్రస్సెల్స్ అంటే అక్కడివాళ్ళకి తెలియదని బెల్జియన్ వాఫుల్ అన్న పేరు స్థిరపడింది. ఇప్పుడు మన ఊళ్ళలో ఆ బోర్డు పెట్టి అమ్మేవాటిలో చాలావాటికి ఆ పిండితో సంబంధం లేదు. చాక్లెట్ కింద ఏముందో ఎవరూ చూడరు కాబట్టి నడిచిపోతోంది.

అదే బెల్జియంలో లియేజ్ ఊరి వాఫుల్ పూర్తిగా వేరే జాతి. అది జారుడు పిండి కాదు, ముద్ద. పిండి బరువులో సగం వెన్న, దాదాపు అంతే ముత్యాల చక్కెర. ఈ చక్కెర సన్న పలుకుల్ని గట్టిగా అదిమి గింజలుగా చేసినది. కాలుతున్నప్పుడు పూర్తిగా కరిగిపోకుండా, ఇనుము తగిలిన మేర పాకమై, మాడే ముందు ఆగి, వాఫుల్ చుట్టూ గాజు పొరలా గడ్డకడుతుంది. అంచులు వంకరటింకర, చేత్తో పట్టుకుని వీధిలో నడుస్తూ తినేది. పటికబెల్లం ముక్కలతో చేద్దామా అంటే అక్క ఒకసారి చేసి చూసిందట, పంటి కింద రాళ్ళు. చక్కెర బిళ్ళల్ని రోకలితో ముక్కలు చేసుకుంటే కొంత నయం. రుచి మాట కాదనను, కానీ ఒక్కో వాయికీ పాకం గడ్డల్ని అచ్చు గళ్ళలోంచి తియ్యాలి. అక్క ఏడాదికి రెండుసార్లు మించి చెయ్యదు.

చరిత్రలో వెనక్కి పోతే వాఫుల్ ఇలా ఉండేది కాదు. చర్చిలో ప్రసాదంగా ఇచ్చే పల్చటి అప్పాలని కాల్చే ఇనప పలకల్లోంచి ఇది పుట్టింది. ధనికులు ఆ పలకల మీద తమ వంశ ముద్రలు చెక్కించుకునేవారు. 1393 ప్రాంతంలో పారిస్‌లో ఒక పెద్దమనిషి తన చిన్న వయసు భార్యకి ఇల్లు దిద్దుకోవడం నేర్పుతూ రాసిన పుస్తకంలో వాఫుల్ వంటకాలున్నాయి. గుడ్లు, ఉప్పు, ద్రాక్షసారా, పిండి. ఈస్ట్ లేదు, చక్కెర లేదు. చీజ్ పెట్టి కాల్చేది ఇంకొకటి. పీటర్ బ్రూగెల్ 1559లో వేసిన కార్నివాల్, లెంట్‌ల పోరాటం బొమ్మలో తినే పక్షాన వాఫుల్స్ కనిపిస్తాయి. ఉపవాస దినాలు మొదలయ్యేలోగా ఇంట్లో గుడ్లూ వెన్నా అవగొట్టాలి కదా. స్వీడన్ వాళ్ళకి మార్చి 25 వాఫుల్ రోజు. అది మేరీమాత పండగ, దాన్ని వాళ్ళ భాషలో పిలిచే పేరు నోళ్ళలో నలిగి వాఫుల్ అన్నట్టు వినబడటంతో భక్తి కాస్తా ఫలహారమైంది. ఇలాంటి నాలుక జారుడు పండగలు మనకీ ఒకటి రెండు ఉంటే బాగుండును.

అక్క అత్తగారు గుడ్డు ముట్టరు. ఆవిడ వచ్చిన నెలలన్నీ అక్కకి పరీక్ష. తెల్లసొన నురగకి బదులు కాబూలీ శనగలు ఉడికించిన నీళ్ళు వాడింది. ఆ చిక్కటి నీళ్ళు చల్లార్చి గిలకొడితే అచ్చం తెల్లసొనలాగే నురగ కడతాయని గత పదేళ్ళలో బాగా వ్యాప్తిలోకి వచ్చిన కిటుకు. చేతి మిక్సరు కావాలి, ఓపిక కావాలి. పచ్చిగా ఉన్నప్పుడు శనగ వాసన వస్తుంది, కాలాక రాదు. నేను రెండూ పక్కపక్కన పెట్టుకు తిన్నాను. గుడ్డు లేనిది కొంచెం చదునుగా, రంగు ఒక మెట్టు తక్కువగా వచ్చింది. కరకరలో తీసిపోలేదు. అత్తగారు మాత్రం "అట్టులా ఉండాల్సింది అప్పడంలా ఎందుకు చేశావమ్మా" అన్నారు. అక్క దాన్ని మెప్పుగానే తీసుకుంది.

ఆదివారం దోసె పిండి మిగిలితే పిల్లలు దాన్నీ అచ్చులో పోయమన్నారు. మనవాళ్ళ ఇళ్ళలో ఇది మామూలైపోయింది. గళ్ళలో సాంబారు నిలుస్తుంది, చట్నీ నిలుస్తుంది, పిల్లలు మారాం చేయకుండా తింటారు. బాగానే ఉంది. కానీ నాకు నచ్చలేదు. దోసె పిండిలో వెన్న ఉండదు కాబట్టి రెట్టింపు నూనె రాస్తే గానీ ఊడదు. పైగా పెనం మీద గరిటె అడుగుతో గుండ్రంగా తిప్పి పల్చగా పరచడంలో ఉన్న చేతి పని అంతా ఇక్కడ వృథా. దోసెకి కరకర ఇచ్చేది చేయి, వాఫుల్‌కి ఇచ్చేది అచ్చు. ఒకదాని పని ఇంకొకదానికి అప్పగిస్తే రెండూ చిన్నబోతాయి. బావగారు నాతో ఏకీభవించరు, ఆయన నాలుగు తిన్నారు.

అచ్చుని అక్క సబ్బుతో కడగదు. వేడిగా ఉండగానే పొడి బ్రష్షుతో తుడిచి, నెయ్యి తడి తగిలించి, పలకల మధ్య ఒక కాగితం పెట్టి మూసేస్తుంది. మిగిలిన వాఫుల్స్‌ని ఫ్రిజ్‌లో పెట్టదు, తోలులా అవుతాయి. చల్లారాక సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పడేస్తుంది, స్కూలు రోజుల్లో టోస్టరులో వేస్తే మూడు నిమిషాల్లో దాదాపు మొదటి కరకరే వస్తుంది. ఈ పద్ధతి మీద పెద్ద వ్యాపారమే నడిచింది. కాలిఫోర్నియాలో శాన్ హోసే ఊరివాడు ఫ్రాంక్ డోర్సా 1953లో మొదలుపెట్టిన ఎగ్గో వాఫుల్స్ అవే.

మీ ఇంట్లో కూడా పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన కరెంటు పెట్టె ఒకటి అల్మరాలో ఉండే ఉంటుంది. అక్కలా పోత ఇనుము కోసం వెతకక్కర్లేదు, దానితోనే వస్తుంది. పిండి రాత్రే కలపండి, గళ్ళకి నెయ్యి రాయండి. పచ్చ దీపం వెలిగినా మూత మీద చేయి వేయకండి. ఆవిరి పూర్తిగా ఆగాక, ఇంకో అర నిమిషం చూసి తెరవండి.